చౌడు చెక్కలో వంకాయలు

అన్నదమ్ముల పంపకాల్లో చిన్నకోడలి వాటాకు తెల్లగా ఉప్పు పేరిన చౌడు చెక్క వచ్చింది. భర్త మన రాత ఇంతేనని ఊరుకున్నాడు. ఆమె ఊరుకోలేదు. తెల్లారేసరికి చీర కుచ్చిళ్లు ఎగదోపి, తోపుడుబండితో బయలుదేరేది. మార్కెట్లో పారబోసిన కాబేజీ ఆకులు, పాలవాళ్ల దొడ్లో పేడ, మిల్లు వెనక ఊక, ఏదీ వదిలేది కాదు. అన్నీ కలిపి మాగబెట్టి నేలకు పెట్టేది. మడుల్లో మంచినీళ్లు నిలగట్టి, ఉప్పునీటిని కాలువలోకి వదిలేది. పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ విత్తనాలు చల్లి, మొక్కలు పూతకు రాకముందే మట్టిలో కలియదున్నించేది. నడుమ నడుమ పిడికెడు మట్టి తీసి, పసిబిడ్డ నడినెత్తి వాసన చూసినట్టు చూసుకునేది.

మొదటి ఏడు వేసిన నారంతా మాడిపోయింది. "ఎందుకమ్మా ఈ చెత్త మోత? ఎవరికైనా అమ్మేయరాదూ," అన్నాడు బావగారు గట్టు మీద నుంచే.

"నేల ఆకలితో ఉంది బావగారూ. దాని కడుపు నిండనివ్వండి," అని ఆమె మళ్లీ పార అందుకుంది.

ఈ ఏడు వంగతోట విరగకాసింది. చూడవచ్చిన బావగారు మొదటిసారి గట్టు దిగాడు. మెత్తటి నల్లమట్టిలో కాలు చీలమండ దాకా దిగబడింది. "ఇది ఆ నేలేనా!" అన్నాడు నోరు తెరిచి. ఆమె పకపకా నవ్వి, ఆయన కండువా నిండా నిగనిగలాడే వంకాయలు కోసి పోసింది.

"తీసుకెళ్లి వండించుకోండి బావగారూ. ఉప్పు మాత్రం మీరే వేసుకోవాలి!"