ఒకే గుండిగ అన్నం

నా చిన్నప్పుడు టెక్కలి హైస్కూల్లో చదవాలంటే మా ఉద్దానం పిల్లలకి తిండే పెద్ద బెంగ. ఆ బెంగ తీర్చింది బడి వెనక సందులో మొగుడూ పెళ్ళాం నడిపే భోజనాలిల్లు. ఆవిడని అందరం పిన్ని అనేవాళ్ళం. ఎవరింట్లో పండింది వాళ్ళు తెచ్చివ్వడమే అక్కడి పద్ధతి. పప్పూ కొబ్బరికాయలూ పనసకాయలూ అన్నీ కలిసిపోయేవి. బియ్యమంతా ఒకే గుండిగలో ఉడికేది. జ్వరమొస్తే పిన్ని తన మంచం మీదే పడుకోబెట్టేది. మా ఇంట్లో కంటే అక్కడే నాకు కడుపు నిండేది.

ఒకరోజు భోజనాల వేళకి మా నాన్న వచ్చాడు. నలుగురిలో గొప్ప అనిపించుకోవాలన్న యావ ఆయనకి. నా విస్తట్లో ముతక మెతుకులు కనిపించేసరికి, మేం పంపింది సన్నబియ్యం, మావాడికి వేరేగా వండాలి అని అందరి ముందూ అరిచాడు. నాకు తల కొట్టేసినట్టయింది. రేపు మీరూ భోజనానికి రండి బాబూ, అలాగే వండుతాను అంది పిన్ని.

మర్నాడు మా ఇద్దరికీ మల్లెపువ్వులాంటి అన్నం పెట్టింది. పప్పూ కూరా వడ్డిస్తూ వచ్చి మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. పప్పేదమ్మా అన్నాడు నాన్న.

"పప్పు కోటబొమ్మాలి పిల్లలది బాబూ. పనసకాయ కవిటి పిల్లలది. మీ బియ్యం మీకే ఏరేగా వండమన్నారు కదా, ఆల్లవి మీకెలా ఎయ్యను?"

పిల్లలు కిసుక్కుమన్నారు. నాన్న మొహం మాడిపోయింది. దిగ్గున లేచి, నా రెక్క పట్టుకుని లేపబోయాడు. అప్పటిదాకా మీరు, బాబూ అన్న పిన్ని గరిటతో ఎదురొచ్చింది.

"తినే పిల్లోడ్ని ఇస్తరి ముందునుంచి లేపుతావేటి? సెయ్యి తియ్యి. ఆడు తిన్నాక తీసుకెల్లు."

నన్ను కూర్చోబెట్టి పప్పు, కూర అన్నీ వేసింది. నాన్న వాకిట్లో పళ్ళు నూరుతూ నిలబడ్డాడు. తిండి అయిపోతే ఆ ఇల్లు వదిలిపోవాలని తెలిసి, ఏడుస్తూ మెతుకు మెతుకూ ఏరుకుని తిన్నాను.

ఆ రోజే నన్ను అక్కడ మాన్పించాడు. తర్వాత చదువు ముగిసేదాకా హోటల్లో, ఎవడూ పలకరించని బల్ల దగ్గర తిన్నాను. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. అనేవాళ్ళు అననీ, నాది పోలేదు.

మొన్న మార్కులు తక్కువొచ్చాయని మా పెద్దవాడు తన కొడుకుని కంచం ముందునుంచి లేపబోయాడు. పెద్దవాడి చెయ్యి పట్టి లాగేశాను. యాభై ఏళ్ళవాడు, బిత్తరపోయి చూశాడు. మనవడు తిని లేచేదాకా నేనక్కణ్ణుంచి కదల్లేదు.