ఆఖరి ఓవరూ అరలీటరు పాలూ

మన నగరం జట్టులో ఎవరు ముందు బ్యాటింగుకి దిగాలో, ఎవరు ఏ ఓవరు వెయ్యాలో ఉప్పల్ స్టేడియంలో నిర్ణయిస్తారని మీరనుకుంటే అది మీ అమాయకత్వం. అది నిర్ణయమయ్యేది దిల్‌సుఖ్‌నగర్‌లో, హాస్టళ్ళ సందు చివర, రెండో అంతస్తులో, మా అద్దె ఇంటి హాల్లో. సెలక్టర్లు ముగ్గురు. ముగ్గురిలో ఒక్కరు కూడా జన్మలో లెదర్ బాల్ చేత్తో పట్టుకోలేదు.

మొదటివాడు ఇంటి ఓనరు. మీర్‌పేట్ వైపు పాత ఊరి రైతు కుటుంబం, పొలాలు ప్లాట్లయ్యాక ఇక్కడ మూడంతస్తులు కట్టుకుని కింద ఉంటున్నాడు. కింద మా టీవీకంటే పెద్ద టీవీ ఉంది. కానీ ఆదివారం మధ్యాహ్నం వారం మొత్తం సీరియళ్ళూ మళ్ళీ వేస్తారు కాబట్టి ఓనరమ్మ రిమోట్ ఇవ్వదు. మూడంతస్తులకి యజమాని, రిమోట్ కోసం అద్దెకున్నవాళ్ళ గుమ్మం ఎక్కేవాడు. రెండో ఆయన మొదటి అంతస్తులో ఉండే ఫిజిక్స్ లెక్చరరు, భీమవరం మనిషి. కొడుకు ఎంట్రన్సు పరీక్షకి చదువుతున్నాడని ఇంట్లో కేబుల్ పీకించేశాడు. కొడుకు ఏకాగ్రత చెడకూడదని తను మా ఇంటికొచ్చి చూసేవాడు. మూడో ఆయన మావారు. ఆయనకి సొంత అభిప్రాయం ఉండదు, చివరగా ఎవరు మాట్లాడితే వాళ్ళ అభిప్రాయం ఉంటుంది.

మ్యాచ్ మూడున్నరకైతే వీళ్ళ సమావేశం రెండింటికే. లెక్చరరు కొడుకు కోసం కొన్న తెల్లబోర్డు చంకలో పెట్టుకుని పైకొచ్చేవాడు. ఆదివారం పూట ఆ పిల్లాడు గోడ మీద లెక్కలు చేసుకోవాలి కాబోలు.

"గా పొడుగోన్ని ఫస్ట్ దించాలె సార్," అనేవాడు ఓనరు. "వాడు కొడితే బాల్ వోయి మూసారాంబాగ్ బ్రిడ్జి కాడ దొరకాలె."

"అలా కాదండీ. ముందు బేసిక్స్ అండీ. నెమ్మదిగా ఆడేవాణ్ణి పంపి కాన్సెప్టు సెటిల్ చేసుకోవాలండీ. షార్ట్‌కట్లు తర్వాతండీ."

"ఇరవై ఓవర్లల్ల ఏం సెటిలైతడు సార్, కాపురం వెట్టనీకి పోతుండా?"

మావారు ఇద్దరికీ తల ఊపేవారు. బోర్డు మీద పేర్లు రాయడం, చెరపడం, బాణం గుర్తులు వెయ్యడం. అక్కడ ఆ కెప్టెన్ ఏ పేరు రాసుకున్నాడో ఈ బోర్డుకి అనవసరం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇప్పుడు నా సంగతి. నేను ఎల్బీనగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో రక్తం తీస్తాను. అంతకు ముందు, గుంటూరులో డిగ్రీ చదివిన మూడేళ్ళూ, కాలేజీ జట్టుకి ఎడమచేతి స్పిన్ వేశాను. బాగానే వేశాను. బంతి కుట్టు ఒరుసుకుని నా చూపుడు వేలి పక్కన కాసిన కాయ ఇప్పటికీ ఉంది. పెళ్ళైన కొత్తలో మావారు అది పచ్చళ్ళు నూరడం వల్ల వచ్చిందనుకుని జాలిపడ్డారు. అసలు సంగతి చెప్పాక ఆ జాలి కూడా పోయింది.

ఆ సీజన్ మొదట్లోనే ఒకరోజు, మనవాళ్ళు బ్యాటింగ్ చేస్తుండగా, నేను నోరు విప్పాను. పిచ్ నెమ్మదిగా ఉంది, ఫాస్ట్ బౌలర్ల బంతి బ్యాటు మీదికి హాయిగా వస్తోంది, మనం బౌలింగుకి దిగాక మన ఎడమచేతి స్పిన్నరు కుర్రాడికి రెండు ఓవర్లు ఆఖరికి అట్టే పెట్టుకుంటే మంచిదన్నాను. ఓనరు నా వైపు తిరిగి ఎంతో మర్యాదగా అన్నాడు.

"చెల్లె, చాయ్‌ల జర అల్లం ఎక్కువెయ్యి."

పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు. సరే అని లేచి వంటింట్లోకి వెళ్ళాను. నేనటు వెళ్ళగానే ఇటు సిక్సు. టీ గిన్నె స్టవ్ మీద పెట్టాను, ఇంకో సిక్సు. కాకి వాలింది, తాటిపండు రాలింది, అంతే. కానీ నేను టీలు పట్టుకుని తిరిగొచ్చేసరికి ముగ్గురూ నన్ను కొత్తగా చూస్తున్నారు. నేను కూర్చున్నాను. మరుసటి బంతికి వికెట్ పడింది.

"చెల్లె, ఏమనుకోకు," అన్నాడు ఓనరు. "ఇంకో చాయ్ పెట్టరాదు."

అలా మొదలైంది. రెండు మూడు వారాలు తిరిగేసరికి అది శాస్త్రమైపోయింది. బోర్డు మీద పదకొండు పేర్ల కింద ఎర్ర మార్కర్‌తో పన్నెండో వరుస వచ్చింది: పదహారో ఓవర్ నుంచి, టీ. అంటే ఆట రసకందాయంలో పడేసరికి నేను వంటింట్లో ఉండాలి. కేకలు వినపడతాయి, బంతి కనపడదు. ఎన్ని మ్యాచ్‌లు గెలిచామో! ఒక్కదాని ఆఖరి ఓవరు కూడా నేను కళ్ళతో చూడలేదు. నాకు కావలసింది పెద్దదేమీ కాదు. మా ఇంట్లో, మా టీవీలో, కూర్చుని ఒక్క ఆఖరి ఓవరు చూడాలి.

మరి ఎదురు తిరగలేదేం అంటారా? ఒకసారి తిరిగాను. మావారు ఒకే మాట అన్నారు: "నీకు మన టీమ్ గెలవడం ఇష్టం లేదా?"

సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ మాటకి నేను భయపడ్డాను. ఎల్బీనగర్‌లో నా చెయ్యి చల్లనిదని పేరు. నేను తీస్తే నొప్పి తెలీదంటారు, అంతవరకు సరే. నేను తీస్తే షుగర్ తక్కువొస్తుందని కూడా అంటారు. నా కోసం వరసలో వెనక్కి జరిగి మరీ కూర్చునేవాళ్ళున్నారు. అది తప్పని వాళ్ళకి నేనెప్పుడూ చెప్పలేదు. బయట నా హస్తవాసిని అంతమంది నమ్ముతుంటే ముసిముసిగా నవ్వుకున్నదాన్ని, ఇంట్లో నా టీ మహిమని కాదనడానికి నాకు నోరెక్కడిది?

ఇక ఆ ఆదివారం. గెలిస్తే ముందుకి, ఓడితే మూటాముల్లె సర్దుకోవడమే. మనవాళ్ళు బౌలింగ్ చేస్తున్నారు. ఆఖరి ఓవర్లో అవతలివాళ్ళకి పదకొండు పరుగులు కావాలి. ఒక ఫాస్ట్ బౌలరుకి ఓవర్లు అయిపోయాయి, ఇంకొకడు పిక్క పట్టేసి కుంటుతున్నాడు.

"కుంటనీ, వానికే ఇయ్యాలె," అంటున్నాడు ఓనరు.

"స్పిన్నరుకి ఒక ఓవరు మిగిలుంది," అన్నాను వంటింటి గుమ్మంలోంచి. "అతనికిస్తే ఆపుతాడు."

"ఆఖరి ఓవర్ స్పిన్నర్‌కి ఎవడన్న ఇస్తడా చెల్లె?"

"నువ్వు లోపలికెళ్ళవోయ్, టైమవుతోంది," అన్నారు మావారు.

వెళ్ళాను. అరలీటరు పాలు గిన్నెలో పోసి మంట పెద్దది చేసి, మెల్లగా వెనక్కి వచ్చి, గోడ వారగా నిలబడ్డాను. ఒక కాలు వంటింట్లోనే ఉంచాను, ఎందుకైనా మంచిదని. కెప్టెన్ అటూ ఇటూ చూసి, వేరే దారి లేక, ఆ ఎడమచేతి కుర్రాడికి బంతి విసిరాడు.

అబ్బ, ఎలా వేశాడని! బంతిని గాల్లో వదిలేసి, ఇక నీ ఇష్టం అన్నట్టు చూశాడు. బ్యాటు ముందే తిరిగిపోయింది, బంతి తీరిగ్గా వెళ్ళి కీపరు చేతుల్లో పడింది. నా ఎడమ మణికట్టు దానంతటదే తిరిగింది. ఆరు బంతులకి ఆరు పరుగులే. గెలిచాం. ముగ్గురూ లేచి గెంతుతున్నారు. నేను కూడా గెంతాను.

"చెప్పానా," అన్నాను. "స్పిన్నరుకి ఇవ్వమని చెప్పానా లేదా?"

ఎవరూ వినలేదు. ఓనరు ముక్కు ఎగబీల్చాడు. మాడు వాసన. వంటింట్లోకి పరిగెత్తి, అక్కణ్ణుంచి దేవుడు కనపడ్డట్టు పిలిచాడు.

"సార్, ఇటు రాన్రి. పాలు పొంగినయ్."

స్టవ్ నిండా పాలు, గట్టు నిండా పాలు, మంట ఆరిపోయి గ్యాసు వాసన. ఆ మూడు తలలూ ఆ దృశ్యాన్ని భక్తిగా చూశాయి.

"అందుకే గెల్చినం. కొత్తిల్లు లెక్కనే," అన్నాడు ఓనరు. "పాలు పొంగినంక మంచే అయితది."

"టైమింగు చూడండీ," అన్నాడు ఫిజిక్సాయన. "ఆఖరి బంతీ, పొంగూ ఒకేసారండీ."

మావారు నా వైపు తిరిగి, "బాగా చేశావోయ్," అన్నారు. పెళ్ళయ్యాక క్రికెట్ విషయంలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. అదీ పాలు పొంగించినందుకు. నాకు ఒళ్ళు మండిపోయింది. అందరూ వెళ్ళాక స్టవ్ కడుగుతుంటే ఏడుపు కూడా వచ్చింది. నా కాలేజీ మూడేళ్ళకంటే మాడిన పాలకే ఎక్కువ గౌరవం.

మరుసటి ఆదివారం ఇంకా పెద్ద మ్యాచ్. ఓనరు పొద్దున్నే కొత్త ఇత్తడి గిన్నెతో వచ్చాడు. దాని మెడకి పసుపు కొమ్ము కట్టి ఉంది. అబ్దుల్లాపూర్‌మెట్‌లో బామ్మర్దికి బర్రెలున్నాయట, అక్కణ్ణుంచి పాలు తెప్పించాడు. ప్యాకెట్ పాల పొంగు ఇంత పెద్ద మ్యాచ్‌కి చాలదని ఆయన అభిప్రాయం.

ఆ రోజు బోర్డు మీద బ్యాటింగ్ ఆర్డరు లేదు, బౌలింగ్ లేదు. పాలున్నాయి. పాలని ఏ ఓవర్లో స్టవ్ ఎక్కించాలి? ముందు పెద్ద మంటా, సన్న మంటా? తొందరగా పొంగితే వృథా, ఆలస్యమైతే ప్రమాదం. లెక్చరరు గిన్నె వ్యాసం కొలిచి లెక్క కట్టాడు. కొడుకు సిలబస్‌లో ఇదే పాఠం నడుస్తోందట. పదిహేడో ఓవర్లో ఎక్కించి, పద్దెనిమిది దాకా సన్న మంట, తర్వాత పూర్తి మంట అని తేల్చారు. ఇంక నా వైపు చూశారు.

నేను సోఫాలో కూర్చునే ఉన్నాను.

"అన్నా, గృహప్రవేశానికి పాలు ఎవరు పొంగిస్తారు?"

"ఇంటోళ్ళు."

"ఈ ఇల్లెవరిది?"

ఆయన కాస్త ఆలోచించాడు. "నాదే."

"మేం అద్దెకున్నవాళ్ళం. మా చేత్తో చేస్తే ఫలితం ఎవరికి పోతుందో ఏమో," అన్నాను. "పోయిన వారం అంటే తెలియక జరిగింది."

ఓనరు ముఖంలో రంగు మారింది. ఇన్నాళ్ళూ ఇంత ముఖ్యమైన పని కిరాయికున్న మనిషితో చేయించానా అని కాబోలు. పదిహేడో ఓవర్లో ఆయనే గిన్నె ఎత్తుకుని వంటింట్లోకి నడిచాడు. మంట సంగతి చూడ్డానికి లెక్చరరు వెళ్ళాడు. వాళ్ళకి మసిగుడ్డ ఎక్కడుందో చూపించడానికి మావారు వెళ్ళారు. స్టవ్ దగ్గర ఫోన్లెందుకని మూడు ఫోన్లూ టీపాయ్ మీద పెట్టించాను. "పొంగేదాకా కళ్ళు తిప్పకూడదు, అక్కణ్ణుంచి కదలకూడదు, మా అమ్మ చెప్పేది," అన్నాను. మా అమ్మ అలాంటిదేం చెప్పలేదు, పాపం.

ఫ్యాన్ కింద కుర్చీ, ఓనరుదని ఎవరూ కూర్చోనిది. అందులో కూర్చుని సౌండు మొత్తం తీసేశాను.

"చెల్లె, సప్పుడు వస్తలేదేంది?"

"యాడ్స్ అన్నా."

పక్క హాస్టల్లోంచి అరుపులు వస్తున్నాయి. అక్కడ అన్ని జట్లవాళ్ళూ ఉంటారు, ఏ బంతికైనా అరుస్తారు, దాన్నిబట్టి ఏమీ తెలీదు. ఆఖరి ఓవరు. అవతలివాళ్ళకి తొమ్మిది పరుగులు కావాలి. ఈసారి కెప్టెన్ అటూ ఇటూ చూడలేదు, బంతి నేరుగా ఎడమచేతి కుర్రాడి చేతికిచ్చాడు. వంటింట్లోంచి వాదన వినపడుతోంది, సన్నం చెయ్యాలా వద్దా అని. నేను ఆరు బంతులూ చూశాను. రెప్ప కూడా వెయ్యలేదనుకుంటా. ఆఖరి బంతికి బ్యాట్స్‌మన్ ముందుకొచ్చి బంతిని అందుకోలేకపోయాడు, కీపరు బెయిల్స్ ఎగరగొట్టాడు. మనం గెలిచాం. గట్టిగా అరవాలనిపించింది. చీర చెంగు నోట్లో కుక్కుకుని, కళ్ళు తుడుచుకుని, టీవీ కట్టేశాను.

"ఏమైందోయ్?" హాస్టల్లో అరుపులు ఆగకపోయేసరికి మావారు పరిగెత్తుకొచ్చారు. వెనకే లెక్చరరు, ఆయన వెనక గరిటెతో ఓనరు. పాలింకా పొంగలేదు. "టీవీ ఆపావేంటి? గెలిచామా?"

"గెలిచాం."

"ఎట్ల గెల్చినం చెల్లె? ఎవనికిచ్చిండు ఓవర్? చెప్పు జర."

ముగ్గురూ నా ముందు నిలబడ్డారు. ఇన్నేళ్ళలో క్రికెట్ గురించి నన్నొకరు అడగడం అదే మొదటిసారి. రిమోట్ నా ఒళ్ళో ఉంది. మావారు దాని మీద చెయ్యి వెయ్యబోతే అవతలికి జరిపి, కూర్చోమన్నాను. కూర్చున్నారు. ఎడమ చెయ్యి పైకెత్తి, మొదటి బంతి వేళ్ళ మధ్య ఎలా పట్టుకున్నాడో చూపించాను. రెండోది ఎందుకంత నెమ్మదిగా వదిలాడో చెప్పాను. మూడో బంతి దగ్గరుండగా వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది.

ముగ్గురూ నా వైపు చూశారు. నేను నాలుగో బంతి చెప్పడం మొదలుపెట్టాను.