కుడిచేతిలోకి మారిన ఫోర్కు

1999. మాదాపూర్‌లో అద్దాల భవనాలు ఒక్కొక్కటే లేస్తున్న రోజులు. నేనప్పుడు ఒక హోటల్లో బాంక్వెట్ కెప్టెన్‌ని, అంటే విందుల్లో బల్లలు సర్దించి వడ్డన చూసుకునేవాణ్ణి. విదేశానికి పంపబోయే ఇంజనీర్లకు ఫోర్కు, నైఫుతో తినడం నేర్పమని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు పిలిచారు. ఆ మధ్యాహ్నం తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు కొరుక్కుంటాను.

ఒక మనిషికి అమర్చే ప్లేటు, చెంచాలు, గ్లాసు అన్నిటినీ కలిపి మేము కవర్ అంటాం. ఎడమన ఫోర్కు, కుడిన నైఫు. గెస్టు చెయ్యి మార్చుకుంటే మాత్రం నోరెత్తం. తర్వాతి వంటకానికి ఆ చేతికి వీలుగా సర్దేస్తాం. మా పనిలో మర్యాదంటే అదే.

ఆ ఇంజనీర్లలో పద్మజ అనే కడప అమ్మాయి ముక్క కోసుకుని, ఫోర్కు కుడిచేతిలోకి మార్చుకుని తింది. చప్పుడు లేదు, మెతుకు కింద పడలేదు. ఎదురుగా కూర్చున్న వాళ్ళ కంపెనీ మేనేజరు మాత్రం తన తిండి మానేసి ఆమె చేతులనే చూస్తున్నాడు.

"ఏమ్మా, ఫోర్కు ఎడమ చేత్తో పట్టుకోమన్నారు కదా?"

"ఎడం చేత్తో ముద్ద దిగదు సార్. మా ఇండ్లల్లో ఎవురూ ఆ చేత్తో తినరు."

"అయితే మీ ఇంట్లోనే ఉండండి. క్లయింటు ముందు మా పరువు తియ్యొద్దు. మీ బదులు ఇంకొకర్ని పంపిస్తాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళు విదేశానికి వెళ్ళబోయే ప్రాజెక్టులో సగం పని ఆమెదేనని పొద్దున నాతో చెప్పింది ఈ పెద్దమనిషే.

"సార్, ఆమె పోయేది పని చెయ్యనీకా, ఫోర్కు పట్టనీకా? గిట్ల తిన్న గెస్టును మేం ఒక్క మాట అనం," అన్నాను.

"మీరు చెంచాలు సర్దుకోండి, చాలు."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తమ ఫోర్కుల్ని ఎడమ చేత్తో ఇంకా గట్టిగా పట్టుకున్నారు. అందరికీ వీసాల భయం. పద్మజ కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"అన్నా, పెరుగన్నం ఉందా?"

నేనే వెళ్ళి తెచ్చాను. ఆమె ముందున్న ఫోర్కు, నైఫు తీసేసి, చెయ్యి కడుక్కునే గిన్నె పెట్టాను.

"ఇదెవరు పెట్టమన్నారండీ?" అని మేనేజరు అరిచాడు.

"ఈమె కవర్ ఇదే సార్," అన్నాను.

ఆమె చెయ్యి కడుక్కుని, కలుపుకుని, అతని ఎదుటే కడుపునిండా తింది.

ఆ అమ్మాయిని విదేశానికి పంపలేదు. నా కోపమూ చల్లారలేదు. బల్ల సర్దేది కూర్చున్నవాళ్ళు నెమ్మదిగా తినడానికి. దాన్నే పరీక్షగా పెట్టి మనిషి నోటికాడి కూడు లాగేసేవాళ్ళకు నేను మళ్ళీ ఒక్క చెంచా కూడా సర్దలేదు.