మంచం కోళ్ళ మీంచి గీకిన రంగు

2023 మే 21, ఆదివారం, ఉదయం పదిన్నర గంటలకు నేను ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ఫోను చేసి, మా పెద్దమ్మను ఆమె మంచం అడిగాను. ఈ సంగతి అక్కడ మొదలైంది.

నాకు ఏడాది నిండకముందే మా అమ్మ పోయింది. అమ్మకు అక్క అయిన పెద్దమ్మ నన్ను పెంచింది. పెదనాన్న మగ్గం నేసేవాడు. ఆయన పోయిన తర్వాత ఆమె ఊళ్ళో వాళ్ళ మగ్గాలకు రాట్నం మీద నూలు కండెలు చుట్టి నన్ను చదివించింది. మా ఇంటిలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఇప్పుడు ఆదోనిలో ఒక జూనియర్ కళాశాలలో అర్థశాస్త్రం బోధిస్తున్నాను.

ఆ వేసవిలో మా వెనక గదిని అతిథుల గదిగా మార్చాలని నేనూ నా భార్యా నిశ్చయించుకున్నాం. అంతకు ముందటి ఏడాది నా తోడల్లుడు కుటుంబంతో సహా బెంగళూరు నుంచి వచ్చి, మా హాల్లో ఒక రాత్రి పడుకుని, రెండో రోజు లాడ్జికి వెళ్ళిపోయాడు. ఆ నామోషీ నా మనసులోంచి పోలేదు. జూన్ రెండో వారంలో వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. నా భార్య ఫోనులో దాచుకున్న బొమ్మలన్నీ వింటేజ్ కాటేజ్ స్టైల్ గదులవి. సున్నపు తెలుపు గోడలు, చిన్న చిన్న పూల కర్టెన్లు, లేసు అంచు దుప్పటి, అంచుల్లో రంగు రాలిన చెక్క సామాను. గదిలో అడుగుపెట్టగానే అక్కడ మూడు తరాలు కాపురమున్నట్లు అనిపించాలి. గోడలకు సున్నం వేయించాను, కర్టెన్లు కుట్టించాను. పాత సామాను మాత్రం మా ఇంట్లో ఏదీ లేదు. అప్పుడు పెద్దమ్మ పెళ్ళినాటి నవారు మంచం గుర్తుకొచ్చింది. వడ్రంగి తరిమెన మీద తిప్పి చెక్కిన గుండ్రటి కోళ్ళు, వాటి మీద ఆకుపచ్చ రంగు, ఆ రంగు పొరలు లేచిన చోట లోపలి టేకు. బొమ్మలో ఉన్నది అచ్చంగా అదే.

“మంచమెందుకప్పా? మీకు రెండుండాయి గదా,” అన్నది పెద్దమ్మ.

“వెనక గదిలోకి, పెద్దమ్మా. ఆ గది బాగుచేయిస్తున్నాను.”

ఆమె అద్దెకుంటున్న గదిని ఇంటివాళ్ళు పడగొట్టి కొత్తగా కట్టుకోబోతున్నారు. జూన్ నెల దాటకుండా ఖాళీ చేయమన్నారు. ఈ మాట ఆమె ఉగాదినాడే నాతో చెప్పింది. చూద్దాంలే అన్నాను నేను అప్పుడు.

“నేనెప్పుడు రావల్ల మరి?” అన్నది.

ఆమె ఏమనుకున్నదో నాకు ఆ క్షణంలోనే తెలిసింది. ఆ గది తనకు కాదని చెప్పినా మంచం ఇచ్చి ఉండేదే. చెప్పడం కష్టమనిపించింది, అంతే.

“ముందు మంచం రానీ,” అన్నాను.

పది రోజుల తర్వాత మంచం ట్రాలీ ఆటోలో వచ్చింది. డ్రైవరు పక్కన, ఒళ్ళో సంచి పెట్టుకుని పెద్దమ్మ కూర్చొని ఉంది. మంచం నాలుగు కోళ్ళూ నీలం ఎనామిల్ రంగుతో మెరిసిపోతున్నాయి. నవారు కొత్తది. మా వాళ్ళలో పాత వస్తువును పాతదిగా ఎవరింటికీ పంపరు. బిందెకు కళాయి పెట్టించి పంపుతారు, మంచానికి రంగు వేయించి పంపుతారు. ఇది నాకు తెలియని ఆచారం కాదు. రంగు ముట్టవద్దని ముందుగా ఒక్క మాట చెప్పి ఉండవలసింది.

“రెండు దఫాలు ఏయించినా,” అన్నది ఆమె, కోడు మీద చెయ్యి వేస్తూ. “కొడుకింటికి బూజు పట్టిన మంచం తెచ్చినాదని నలుగురూ అనుకోరా?”

నా భార్య నా వైపు చూసింది. “పాత రంగే బాగుండేది, పెద్దత్తా,” అన్నది మెల్లగా.

పెద్దమ్మ టీ తాగుతుండగానే నేను గరుకు కాగితం తెచ్చుకుని, నేల మీద కూర్చొని, ఒక కోడు గీకడం మొదలుపెట్టాను.

“ఏం జేస్తాండావప్పా?”

“ఈ రంగు తీసేస్తున్నాను. ఇప్పుడు పాతగా కనిపించేదే అందం, పెద్దమ్మా.”

“పాతది కావల్లంటే నన్ను కూసోబెట్టు ఆ మూలకి. నాకంటే పాతది నీకు యాడ దొరుకుతాది?”

నా భార్య నవ్వింది. పెద్దమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు ఇంకొంచెం సాగితే సంచి విప్పి, చీరలు ఎక్కడ పెట్టుకోవాలని అడుగుతుందని నాకు తోచింది. అందుకని అప్పుడే చెప్పేశాను.

“ఈ గది చుట్టాల కోసం, పెద్దమ్మా.”

“నేను చుట్టాన్ని గానా?”

“నువ్వు ఇంటి మనిషివి.”

“ఇంటి మనిషికి ఇంట్లో తావుండల్ల గదప్పా.”

రోజుకు నాలుగు తరగతుల్లో మాట్లాడేవాణ్ణి. ఆ ఒక్క మాటకూ ఉపన్యాసమే చెప్పాను. నీకు ఎమ్మిగనూరులోనే మంచి గది చూస్తాను. అక్కడ నీకు అందరూ తెలిసినవాళ్ళు. రాట్నం పని అక్కడే ఉంది. ఇక్కడ నీకు పొద్దుపోదు. వాక్యం తర్వాత వాక్యం, ఎక్కడా గొంతు పెంచకుండా, మర్యాద తప్పకుండా చెప్పాను. ఏ ఒక్క వాక్యమూ అబద్ధం కాదు. అన్నీ కలిపితే మాత్రం నువ్వు మాకు వద్దన్న మాటే.

పెద్దమ్మ గ్లాసు పక్కన పెట్టి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నా చేతిలో కాగితాన్ని సగానికి చింపి తీసుకుంది.

“ఆ కోడు నేను గీకుతా. ఇద్దరమైతే బిన్నే అయిపోతాది.”

వద్దనవలసింది. అనలేదు. నిజంగానే పని త్వరగా సాగుతోంది. కొంతసేపటికి ఆమె గీకే తీరు నాకు నచ్చక, “నడుమ వద్దు, అంచుల్లోనే గీకు. చెయ్యి తగిలే చోట రంగు అరిగినట్లుండాలి,” అన్నాను.

“చెయ్యి తగిలేది ఆడ గాదు. నడక నేర్సేటప్పుడు ఈడ పట్టుకుని నిలబడేటోడివి. పండ్లొచ్చేటప్పుడు ఈడ కొరికినావు. సూడు.”

నీలం కింద ఆకుపచ్చ, ఆకుపచ్చ మధ్యలో రెండు చిన్న గంట్లు తేలాయి. నేను ఫోను తీసి బొమ్మతో పోల్చి చూశాను. బొమ్మలో ఆ చోట రంగు చెక్కుచెదరలేదు.

“అది మచ్చలాగా కనిపిస్తుంది, పెద్దమ్మా,” అని, పుట్టీ పెట్టి ఆ గంట్లు పూడ్చి, మీద కొంచెం ఆకుపచ్చ రంగు పూశాను.

ఆమె చూస్తూ కూర్చుంది. మిగిలిన రెండు కోళ్ళ జోలికి రాలేదు. అన్నం తినమంటే ఆకలి లేదన్నది. విప్పని సంచి అట్లాగే పట్టుకుని నాలుగు గంటల బస్సుకు బయలుదేరింది. బస్టాండు దాకా వస్తానన్నాను.

“నీ పని చూసుకోపో. ఇంకా రెండు కోళ్ళుండాయి,” అన్నది.

తోడల్లుడి కుటుంబం వచ్చి ఆ గదిలో మూడు రాత్రులు ఉంది. గది వాళ్ళకు చాలా నచ్చింది. ఆయన మంచం కోడు బొటనవేలితో తడిమి, ఇలాంటివి బెంగళూరులో వెతికినా దొరకడం లేదని, ఎక్కడ కొన్నామని అడిగాడు. మా పెద్దవాళ్ళ నుంచి వచ్చిందని చెప్పాను. చెప్తున్నప్పుడు నాకు గర్వంగానే ఉంది. ఆ తర్వాత పశ్చాత్తాపం వెంటనే కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది.

ఎమ్మిగనూరులో గది చూస్తానన్నాను గానీ చూడలేదు. జూన్‌లో కళాశాల తెరిచారు, అడ్మిషన్ల పని మీద పడింది, వచ్చే ఆదివారం వెళ్దామనుకున్నాను. ఆ ఆదివారం రాకముందే ఇంటివాళ్ళు గోడలు పడగొట్టారు.

ఇప్పుడు పెద్దమ్మ ఆలూరులో, తనతోపాటు కండెలు చుట్టిన ఒకామె ఇంటి వరండాలో ఉంటోంది. ఆ వరండాలో మంచం పట్టదు. నేను ఫోను చేస్తే ఎత్తుతుంది, బాగుండానంటుంది. నన్ను ‘మీరు’ అంటుంది.