సీతాలు కాన్పులు, పిన్ని వాయిదాలు

మా పక్కింటి పిన్ని పోయింది. మొన్న మంగళవారం పొద్దున నేను దీపం వెలిగిస్తుంటే ఆవిడ కోడలు గోడ అవతల నిలబడి, "పెద్దక్కా, మా అత్త నేదు. నిద్దర్లోనే ఎల్లిపోనాది" అంది. నాకు ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. ఏ పనీ చెప్పిన వేళకు చెయ్యని మనిషి, ఈ ఒక్కదానికే ఇంత తొందరపడాలా?

మా నాన్నగారు గోదావరి వైపు నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి పాతపట్నంలో ఈ ఇల్లు కట్టారు. ఐదుగురిలో నేను పెద్దదాన్ని కాబట్టి వీధికంతా పెద్దక్కనే. నాకంటే పదిహేనేళ్లు పెద్దదైన పిన్ని కూడా అలాగే పిలిచేది. ఆవిడది సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. హార్బరులో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని, పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల వీధుల్లో అమ్మేది. మేము చేప ముట్టం. అయినా నలభై ఏళ్ల ఇరుగుపొరుగులో మేం పోట్లాడుకున్నది ఒక్క పిల్లి గురించే.

దాని పేరు సీతాలు. పిన్ని పెంచిన మూడు రంగుల పిల్లి. ఏడాదికి రెండు మూడు సార్లు ఎదకు వచ్చేది. వచ్చిందంటే పసిబిడ్డ ఏడ్చినట్టు ఒకటే అరుపు. ఎక్కడెక్కడి గండుపిల్లులూ మా రేకుల మీద చేరేవి. కొట్లాటలు, కంపు. నేను జపం ఆపి గోడ దగ్గరికి వెళ్తే, పిన్ని గంప కడుగుతూ నవ్వేది.

"పెళ్లోరొచ్చేరు పెద్దక్కా. కాస్త ఓర్సుకో."

రెండు నెలలు తిరిగేసరికి పిల్లలు. పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. అందులో మా దేవుడి అలమర ఒక ఇల్లు. పట్టుబట్టల మీద కళ్లు తెరవని కూనలు నాలుగు. పిలిచి చూపిస్తే, "నీది మూడోదే. ఇంకా నాలుగిళ్లున్నాయి, దాన్ని తొందరపెట్టకు" అంది.

ఆ కూనలు పెద్దవయ్యేవీ కావు. ఒకటి లారీ కింద, ఒకటి కుక్క నోట, ఒకటి కళ్లకు పుసులు కట్టి. ప్రతిసారీ పిన్ని పాత చీర ముక్కలో చుట్టి, పసుపు చల్లి, పాతిపెట్టి వచ్చేది. వచ్చి ఆ పూట అన్నం తినేది కాదు.

"ఆపరేషన్ చేయించు పిన్నీ" అనేదాన్ని.

"పూజలు సేత్తావు, కోత మాటలాడతావేటి?"

"పుట్టినవాటిలో ఎన్ని మిగిలాయో చెప్పు."

పిన్ని వాయిదా వేసేది. ఆషాఢం అనేది, మూఢం అనేది, అమావాస్య అనేది. పిల్లికి ముహూర్తం చూసిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

పోయినేడు సీతాలుకు కాన్పు కష్టమైంది. పగలంతా నొప్పులు పడి, పిల్ల బయటికి రాక, సొమ్మసిల్లిపోయింది. ఇద్దరం ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ చచ్చిన కూనను తీసి, మిగిలిన రెంటినీ బతికించి చెప్పింది: "ఇంకో కాన్పు ఇది తట్టుకోదు. ఒంట్లో బలం రాగానే తెచ్చెయ్యండి, ఆపరేషన్ చేసేస్తాను."

"పాలిత్తన్నప్పుడు కడుపు రాదు కదమ్మా" అంది పిన్ని, అన్నీ తెలిసినట్టు.

"మనుషుల్లోనే ఆ మాట నమ్మడానికి లేదు. పిల్లులైతే పాలిస్తూనే మళ్లీ ఎదకొస్తాయి."

ఇక తప్పదు కదా అనుకున్నాను. నెల తిరిగేసరికి పిన్నికి ఇంకో అడ్డు దొరికింది. కోడలికి ఏడో నెల. "కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉండగా ఇంకో కడుపు మీద కత్తెట్టకూడదు" అంది. మా మరదలు నీళ్లోసుకున్నప్పుడు తమ్ముణ్ణి గుమ్మడికాయ కొట్టనివ్వనిదాన్ని నేనే, ఆవిడను ఏమని కాదంటాను? అంతలోనే సీతాలు మళ్లీ అరవడం మొదలుపెట్టింది. రేకుల మీద ఓ నల్ల గండుపిల్లి వచ్చి కూర్చుంది. ఈసారి కడుపు కడితే చస్తుంది. కళ్లు మూసుకుంటే దేవుడు కనబడలేదు, సీతాలే కనబడింది. సీతాలును పిన్ని గదిలో పెట్టి గొళ్లెం వేశాం.

మర్నాడు మధ్యాహ్నం పిన్ని ఆటో దిగింది. చేతిలో గంప, పైన బిగించిన పాత వల. లోపల మత్తుగా నల్ల గండుపిల్లి.

"ఏమిటిది?"

"దీనికి సేయించీసేను."

"కత్తి పెట్టకూడదన్నావు!"

"కడుపు మీదెట్టకూడదన్నాను. దీనికి కడుపెక్కడున్నాది? ఎప్పుడూ ఆడోళ్లకేనేటి కోతలు? ఈ పాలి ఈడి వంతు."

విసుగంతా పోయి గోడ పట్టుకుని నవ్వాను.

ఒక్కదానికి చేయిస్తే చాలదని, ఇంకోటి వస్తుందని డాక్టరమ్మ చెప్పే పంపింది. అందుకని కోడలు ప్రసవించేదాకా సీతాలు గది దాటలేదు. అరుపులు రెండిళ్లవాళ్లమూ భరించాం. పురుడు తీరిన మర్నాడు, నేను గుర్తుచెయ్యకుండానే, పిన్ని సీతాలును ఆసుపత్రికి తీసుకెళ్లింది. అది ఇప్పుడు నున్నగా, గుండ్రంగా తయారైంది.

చదివేవారికి ఒక మాట. ఇంట్లో పిల్లి ఉంటే మొదటి ఈతకు ముందే ఆపరేషన్ చేయించండి. ప్రాణానికి అడ్డుపడటం పాపమంటారు. దేవుణ్ణి నమ్మినదాన్నే చెబుతున్నాను, కననిచ్చి పాతిపెట్టడం పుణ్యం కాదు.

సీతాలు ఆపరేషన్ తర్వాత పిన్ని అమ్మకానికి వెళ్లడం మానేసింది. "ఇది గెంతకుండా సూడాలి కదా" అంది. ఎనిమిదో రోజు సాయంత్రం వెళ్లేసరికి గడపలో కూర్చుని ఉంది. సీతాలు ఒళ్లో వెల్లకిలా పడుకుంది. బొచ్చు గొరిగిన చోట లేత చర్మం, మధ్యలో సన్నని గీత.

"నాకు పిల్లలు పుట్టకుండా కోసినప్పుడు ఎనిమిదో నాడే గంప ఎత్తించీసేరు పెద్దక్కా" అంది, చేప ధర చెప్పినంత మామూలుగా.

నలభై ఏళ్లలో ఆ మాట ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు. పక్కన కూర్చున్నాను. పిన్ని ఒక చేత్తో పిల్లి పొట్ట మీది గీతను ముట్టీ ముట్టనట్టు నిమురుతోంది. రెండో చెయ్యి తన చీర కుచ్చిళ్ల మీద, బొడ్డు కిందుగా ఆనించుకుని ఉంది. లోపల మనవరాలు ఏడ్చింది, కోడలు ఎత్తుకుంది, ఏడుపు ఆగింది. ఆ రెండు చేతులూ అక్కడే ఉన్నాయి.