గడ్డి దులిపే వెంకటలక్ష్మి

నూజివీడు నుంచి మైలవరం పోయే రోడ్డు మీద, ఊరు దాటిన నాలుగు మైళ్ళకి శేషగిరిరావుగారి మామిడితోట ఉండేది. ఆ తోటకి కాపలాదారు సాంబయ్య. అతని భార్య వెంకటలక్ష్మి. తోటలోనే తాటాకు పాక వేసుకుని, ఇద్దరు పిల్లలతో ఏడాది పొడుగునా అక్కడే కాపురం. వేసవిలో కోతలు మొదలయ్యాయంటే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పాతికమంది ఆడవాళ్ళు గంపలు కట్టడానికి వచ్చేవాళ్ళు. గంప అడుగున ఎండుగడ్డి పరిచి, ఒక వరస కాయలు పేర్చి, మళ్ళీ గడ్డి, మళ్ళీ కాయలు, పైన గోనెపట్టా కప్పి పురికొసతో కుట్టేయాలి. అవి ఎడ్లబండ్లెక్కి బాపులపాడు వైపు రైలుస్టేషనుకి, అక్కణ్ణుంచి కలకత్తాకి పోయేవి. వెంకటలక్ష్మి కూడా ఆ పాతికమందిలో ఒకతె. పని బాగానే చేసేది గాని, 1958 వేసవి దాకా ఆమె గురించి ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకున్నది లేదు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం శేషగిరిరావుగారు భోజనానికి చెయ్యి కడుక్కోబోయి కెవ్వుమన్నారు. వేలికి ఉంగరం లేదు. పొద్దుటినుంచీ ఆయన గంప గంపలోనూ చెయ్యి పెట్టి కాయల్ని తడిమి చూస్తూనే ఉన్నారు. ఏ గంపలో జారిపోయిందో ఏమో! అది పెళ్ళిలో మామగారు పెట్టిన పగడపు ఉంగరం. పోయిందని తెలిస్తే భార్య కమలమ్మగారు ఏమంటారో అన్నదే ఆయన దిగులు. కుట్టిన గంపలన్నీ విప్పించారు. కాయలన్నీ బయట పోయించారు. లేదు.

"ఎవరికి దొరికితే వాళ్ళకి మా ఇంట్లో పెయ్యదూడని తోలిస్తానర్రా!" అని ఆయన అందరి ముందూ అనేశారు.

పాతికమందీ పొద్దు వాలేదాకా వెతికి, ఇక లేదనుకుని ఇళ్ళకి పోయారు. వెంకటలక్ష్మి పొయ్యి రాజేసుకోవడానికని పారేసిన గడ్డిలోంచి ఒక పిడికెడు తీసింది. వేళ్ళ సందున చల్లగా ఏదో తగిలింది. చూస్తే ఉంగరం. ఆమె వేసిన కేక విని, పామేమో అనుకుని సాంబయ్య కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

శేషగిరిరావుగారు మాట తప్పే మనిషి కాదు. మర్నాడే పెయ్యదూడ వచ్చింది, మెడలో మువ్వ కూడా తియ్యకుండా. మూడేళ్ళు తిరిగేసరికి అది ఆవై ఈనింది. పాకలో పిల్లలకి పాలు, పెద్దలకి మజ్జిగ. అంతకుముందు ఆ ఇంట్లో మజ్జిగంటే పండగ పూట మాటే.

కానీ దూడతో పాటు ఇంకొకటి కూడా వెంకటలక్ష్మికి వచ్చి అంటుకుంది. మర్నాటినుంచి ఆమె ఊరికే గడ్డి పరవలేకపోయింది. పిడికెడు తీసి, రెండుసార్లు దులిపి, దువ్వెనతో జుట్టు దువ్వినట్టు వేళ్ళ సందుల్లోంచి లాగి, అప్పుడు పరిచేది. కావాలని చేసేది కాదు, చేతులే అలా పోయేవి. ఒకసారి సగం గాజుముక్క దొరికింది. ఇంకోసారి ఎవరిదో చుట్టముక్క. తుమ్మముళ్ళయితే లెక్కే లేదు. ఒక్కొక్కటీ ఏరి పక్కన పడేసి, మళ్ళీ పిడికెడు తీసేది.

పక్కన కూర్చుని గంపలు కట్టే దుర్గ ఊరుకునేది కాదు.

"ఏం వదినా, ఇవాళ గేదె దొరికిందా?"

"దొరికితే నీకు పెరుగు పోస్తాలే, పని చూసుకో," అనేది వెంకటలక్ష్మి.

అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. నవ్వుతూనే గడ్డి దులిపేది.

ఆ రోజుల్లోనే వాళ్ళ పాకలోకి ఒక కుక్క చేరింది. రోడ్డు వెంట కరెంటు స్తంభాలు పాతడానికి గోతులు తవ్వుతున్నప్పుడు, ఒక గోతిలో పడి కుయ్యోమంటుంటే సాంబయ్య పైకి తీసి తెచ్చాడు. పిల్లలు దానికి కరెంటు అని పేరు పెట్టారు. ఆ స్తంభాల్లోకి కరెంటు రావడానికి ఇంకో ఏడాది పట్టింది గాని, తోటలో మాత్రం కరెంటు మొరుగుతూ తిరిగేది.

1960 వైశాఖంలో పదకొండు గంటల మైలవరం బస్సుకి సరిగ్గా తోట గేటు ముందు టైరు పగిలింది. బస్సు నిండా పెళ్ళివారు. టైరు మార్చేదాకా అందరూ చెట్ల కిందకి చేరారు. దించిన సామానులో బూరెల గంప ఒకటి ఉంది. దాన్ని మోస్తున్నాయన చెట్టువేరుకి తట్టుకుని బోర్లా పడ్డాడు. బూరెలన్నీ నేలపాలు. "మట్టి అంటినవి ఇంకెందుకూ, ఆ కుక్కకే పెట్టండి," అన్నదొక ముసలావిడ. కరెంటు ఆ రోజు ఎన్ని తిన్నదో చూసినవాళ్ళు తలొక మాట చెప్పారు. సాయంత్రం దాకా అది నాలుగు కాళ్ళూ బారజాపుకుని పడుకుని, తోక మాత్రం ఆడిస్తూ ఉండిపోయింది.

మర్నాడు పదకొండయ్యేసరికి కరెంటు గేటు ముందు, రోడ్డు అంచున బుద్ధిగా కూర్చుని ఉంది. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఆ తరవాతి రోజూ అంతే. వానొచ్చినా, వడగాలి కొట్టినా పదకొండు గంటలకి కరెంటు అక్కడ ఉండాల్సిందే. దుమ్ము ముఖాన పడేది. ఒకసారి తుమ్మి, లేచి, ఏమీ అనుకోకుండా లోపలికి వచ్చేసేది. బస్సు డ్రైవరు నారాయణరావు మొదట్లో హారను కొట్టేవాడు. అయినా కదలకపోతే, ఎక్కడ అడ్డం వస్తుందోనని అక్కడికి రాగానే బస్సు నెమ్మది చేయడం అలవాటు చేసుకున్నాడు.

రెండేళ్ళు గడిచినా కరెంటు మానలేదు. ఒకరోజు గేటు దగ్గర నిలబడి చూస్తూ వెంకటలక్ష్మి పకపకా నవ్వింది.

"పిచ్చిముండ! రోజూ బూరెలు రావని దీనికి ఎవరు చెబుతారయ్యా?"

సాంబయ్య బీడీ వెలిగించుకుంటూ, "నీకెవరు చెబుతారే?" అన్నాడు.

"నాకేంటి?"

"దానికి బూరెలు, నీకు దూడ. అది రోడ్డు మీద కూర్చుంటది, నువ్వు గడ్డిలో కూర్చుంటావు. అంతేగా తేడా!"

సాంబయ్య సరదాకే అన్నాడు. అని మర్చిపోయాడు కూడా. వెంకటలక్ష్మి మర్చిపోలేదు. ఇన్నేళ్ళూ దుర్గ అన్న మాటలు తగలనిది, ఈ ఒక్క మాట సూదిలా దిగింది. రాబోయే కోతల్లో అందరిలాగే పని చేసి చూపిస్తానని ఆ పూటే గట్టిగా అనుకుంది.

1963 కోతల్లో అన్నంత పనీ చేసింది. గడ్డి తియ్యడం, పరవడం, పేర్చడం. మొదటి వారం చేతులు దురదపెట్టినట్టు ఉండేది. పిడికెడు గడ్డి అందుకోగానే వేళ్ళు వాటంతట అవే విచ్చుకోబోయేవి. పళ్ళు బిగించి పరిచేసేది. పొద్దుగూకేసరికి దుర్గ కంటే నాలుగు గంపలు ఎక్కువే కట్టేది. "వదిన దారిలో పడింది," అన్నారు అందరూ. కానీ ఇదివరకు పొద్దు ఎలా గడిచేదో తెలిసేది కాదు. ఇప్పుడు మధ్యాహ్నమయ్యేసరికే ఆమెకి నడుం లాగేది.

మే నెల చివర్లో శేషగిరిరావుగారు చేతిలో ఒక ఉత్తరం పట్టుకుని తోటకి వచ్చారు. ఎవరి గంప ఏదో తెలియడానికి అక్కడ ఒక్కొక్కరూ ఒక్కో రంగు గుడ్డపేలిక కట్టేవాళ్ళు.

"ఆకుపచ్చ పేలిక ఎవరిదర్రా?" అన్నారాయన.

వెంకటలక్ష్మి లేచి నిలబడి, "నాదేనండి బాబుగారూ," అంది.

"కలకత్తా షావుకారు రాశాడు. నాలుగైదేళ్ళుగా ఆకుపచ్చ పేలిక గంపల్లో ఒక్క కాయ కుళ్ళిన పాపాన పోలేదట. వాటిని వేరే తీయించి, పేరున్న ఇళ్ళకి పంపుకునేవాడట. ఈ ఏడు అవీ అందరి గంపల్లాగే ఉన్నాయట. ఆ మనిషి పని మానేసిందా అని అడుగుతున్నాడు. ఏం జరిగింది?"

వెంకటలక్ష్మి తల వంచుకుంది. "గడ్డి దులపడం మానేశానండి."

"ఇంతకుముందు ఎందుకు దులిపేదానివి?"

"ఉంగరం కోసమండి."

"నేను మళ్ళీ పారేసుకుంటాననా?"

"తమరనే కాదండి... ఎవరో ఒకరు..."

శేషగిరిరావుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ నవ్వారు. ఆయన నవ్వు చూసి పాతికమందీ నవ్వారు. అది తగ్గాక, ఆమె ముందున్న గడ్డిలోంచి ఆయనే ఒక తుమ్మముల్లు ఏరి చూపించారు.

"ఇదిగో, ఇదీ సంగతి. ఈ ముల్లు గుచ్చుకున్న కాయ దారిలోనే కుళ్ళుతుంది. దాని రసం కారి కింద కాయలూ పోతాయి. నువ్వు ఉంగరం కోసం వెతుకుతూ ముళ్ళన్నీ ఏరేశావు. దులిపితే తడిగడ్డి కూడా ఆరుతుంది. ఇంత పని చేస్తున్నానని నీకే తెలియదు, నాకూ తెలియదు. కలకత్తావాడికి తెలిసింది!"

అప్పటికప్పుడు ఆయన ఆమెని గంపలు కట్టేవాళ్ళకి మేస్త్రిని చేశారు. ఇక పాతికమందీ ఆమెలాగే గడ్డి దులపాలి. దుర్గ మొదటి పిడికెడు దులుపుతూ, "ఉంగరం దొరికితే ఎవరిది వదినా?" అని అడిగింది. "సగం సగం," అంది వెంకటలక్ష్మి.

ఆ సాయంత్రం సాంబయ్య పాక ముందు ఏమీ ఎరగనట్టు తాడు పేనుకుంటున్నాడు. ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది.

"గడ్డిలో కూర్చున్నందుకు మేస్త్రినయ్యాను."

"విన్నానులే. ఇంతకీ నన్ను పనిలో ఉంచుతావా, తీసేస్తావా?"

మర్నాడు ఆమె శనగపప్పు ఉడకబెట్టి, బెల్లం వేసి, ఇన్ని బూరెలు వండింది. పదకొండు గంటలకి గేటు దగ్గరకి వెళ్ళి, బస్సు దుమ్ము లేపుతూ వచ్చే సమయానికి సరిగ్గా కరెంటు ముందు రెండు బూరెలు పెట్టింది. సాంబయ్య నెత్తి కొట్టుకున్నాడు. "అయిపోయింది. ఇంక ఇది చచ్చినా లేవదు!"

నిజంగానే లేవలేదు. అయితే దానివల్ల నష్టపోయినవాళ్ళూ ఎవరూ లేరు. రోజూ బస్సు అక్కడ నెమ్మదిస్తుందని కూలికి వచ్చే ఆడవాళ్ళు కనిపెట్టారు. మొదట ఒకరిద్దరు దూకి దిగారు. వాళ్ళెక్కడ పడిపోతారోనని నారాయణరావు ఆపడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఆ తోటకి రావాలంటే మైలు దూరంలో దిగి ఎండలో నడవాలి. ఏడాది తిరక్కుండానే కండక్టరు "కరెంటు స్టాపు! కరెంటు స్టాపు దిగాలి!" అని అరవసాగాడు. కొత్తవాళ్ళు దిగి, ఇక్కడ కరెంటు ఆఫీసు ఎక్కడండీ అని అడిగితే, రోడ్డు అంచున కూర్చున్న కుక్కని చూపించేవాళ్ళు.

1966 కోతలు ముగిసే రోజున శేషగిరిరావుగారు, "నీ గంపలు రైలెక్కడం నువ్వు చూడనేలేదుగా, ఒకసారి వెళ్ళిరా," అని వెంకటలక్ష్మిని స్టేషనుకి పంపారు. దుర్గని తోడు తీసుకుంది. వ్యాగను తలుపు వేస్తున్నప్పుడు, లోపల వరసగా ఉన్న పేలికలన్నీ కళ్ళారా చూసుకుంది. వచ్చేటప్పుడు దారిలో రోడ్లు కలిసే జంక్షనులో ఆకలేసి, ఎదురుగా కనిపించిన హోటల్లోకి ఇద్దరూ బెరుగ్గా అడుగుపెట్టారు. పొగలు కక్కే మినపట్టు, పక్కన అల్లప్పచ్చడి. హోటల్లో కూర్చుని తినడం వెంకటలక్ష్మికి అదే మొదటిసారి. రెండోది కూడా తెప్పించుకుంది.

ఆ తరవాత ఏటా కోతలు ముగిసిన రోజున గంపలు కట్టిన ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని ఆ హోటలుకే వెళ్ళేది. పక్కనే ఇంకో మంచి హోటలు వచ్చిందని ఎవరెంత చెప్పినా వినేది కాదు. పాతికమంది ఒక్కసారి వచ్చేసరికి బల్లలు చాలక, కొందరు అరుగు మీద, కొందరు మెట్ల మీద విస్తరాకులు పట్టుకుని కూర్చునేవాళ్ళు. లోపలినుంచి అట్లు వస్తూనే ఉండేవి. వెంకటలక్ష్మి మేస్త్రి గుమ్మంలో నిలబడి, ఎవరికి పచ్చడి అందలేదో చూస్తూ ఉండేది.