మా చిన్నమ్మ మాట మోసిన రోజులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకొక ఉద్యోగం ఉండేది. మా తాతకూ మా చిన్నమ్మకూ నడుమ మాటలు మోయడం. చిన్నమ్మ అంటే మా చిన్నాయన భార్య. అనంతపురం వైపు పల్లె నుంచి మా బలసముద్రానికి కోడలిగా వచ్చి అప్పటికి రెండేళ్లు. కోడలు మామతో నేరుగా మాట్లాడకూడదు, ఎదురుగా నిలబడకూడదు అన్నది ఆ రోజుల్లో మా ఇంటి పద్ధతి. తాత అరుగు మీద, చిన్నమ్మ తలుపు వెనక, నేను గడప మీద. వాళ్లిద్దరికీ నడుమ నాలుగడుగుల దూరం కూడా ఉండదు. "మీ తాతను బువ్వకు రమ్మను" అని ఆమె అంటే ఆ మాట తాతకు చక్కగా వినపడేది. అయినా నేను చెప్పేదాకా ఆయన లేచేవాడు కాదు. "పులుసులో ఉప్పెక్కువ ఉండాదని చెప్పు" అని ఆయన అంటే, నేను నోరు తెరవకముందే తలుపు వెనక గాజులు గలగలమనేవి. అయినా నేను చెప్పాలి. తాలూకాఫీసు జవానుకు కూడా నాకున్నంత గర్వం ఉండేది కాదేమో.

ఆ ఎండాకాలం మా అమ్మ కాన్పుకు పుట్టింటికి పోయింది. నేను చిన్నమ్మకు తోక అయ్యాను. ఆమె నీళ్లకు పోతే నీళ్లకు, పేడకు పోతే పేడకు. ఆమె పనిచేస్తూ నవ్వేది, నవ్వుతూ పనిచేసేది. ఆమె పక్కన కూర్చుంటే చింతపండు, పసుపు కలిసిన వాసన వచ్చేది. ఇన్నేళ్లయినా ఆ వాసన ఎక్కడైనా తగిలితే నేను చేస్తున్న పని ఆపి నిలబడిపోతాను.

మధ్యాహ్నాలు మేమిద్దరం విత్తనానికి శెనక్కాయలు ఒలిచేవాళ్లం. వేళ్ల చివర్లు ఎర్రగా కమిలిపోయేవి. ఆ కాయలు మా తాతకు ప్రాణం. విత్తనం గురించి అడగాలంటే ఊళ్లో అందరూ మా అరుగు దగ్గరికే వచ్చేవాళ్లు. కాయను చెవి దగ్గర ఆడించి, ఇది విత్తనానికి పనికొస్తుంది, ఇది పనికిరాదు అని ఆయన చెప్తే అదే తీర్పు. కానీ కిందటి పంట పీకినప్పుడు వాన పడింది. ఇంకా వాన వస్తుందేమోనని తాత తడి కాయను ఆరబెట్టకుండా వామి వేసి కప్పించాడు. నాలుగు రోజుల తర్వాత విప్పితే లోపలి నుంచి ఆవిరి వచ్చింది. ఏం కాలేదులే అని ఆయన అన్నాడు. ఆయన అన్నాక ఇంకెవరూ ఏమీ అనలేదు.

ఒలిచేటప్పుడు చిన్నమ్మ మధ్యమధ్యలో ఒక గింజను రెండు బద్దలుగా చీల్చి చూసేది. గింజ కొసన చిన్న ముక్కులాంటిది ఉంటుంది, మొలక వచ్చేది అక్కడి నుంచే. కొన్నిటిలో అది తెల్లగా ఉండేది, కొన్నిటిలో గోధుమరంగులో ఉండేది. ఆ రంగు మారిన గింజను నా నోట్లో పెట్టి ఎట్లుండాది అని అడిగింది. కొంచెం చేదుగా ఉంది. ఆమె నవ్వు ఆగిపోయింది.

మాకు ఐదు మూటల విత్తనం ఉండేది. చిన్నమ్మ పాత చీర కొంగును ఐదు పేలికలు చేసి, ఒక్కో మూటలోంచి ఇరవై గింజలు తీసి, ఒక్కో పేలికలో పరిచి చుట్టింది. మొదటి మూటకు ఒక ముడి, రెండో దానికి రెండు ముడులు, అట్లా ఐదు. వాటిని తీసుకెళ్లి నీళ్ల కుండల కింద ఉండే తడి ఇసుకలో దాచింది. వాళ్ల పుట్టింట్లో వాళ్లమ్మ ప్రతి ఏడూ ఇట్లాగే చూసేదట. ఆడవాళ్లు ఇంట్లో గుట్టుగా చేసుకునే పని అది, మగవాళ్లకు తెలియదట. ఐదో రోజు విప్పి చూశాం. ఒక ముడి, రెండు ముడుల పేలికల్లో గింజలన్నీ తెల్లటి మొలకలు వేసి గుడ్డను పట్టుకున్నాయి. మిగతా మూడిటిలో మూడో నాలుగో మొలిచాయి, మిగిలినవి జిగటగా కుళ్లిపోయాయి. అవి వామి అడుగు నుంచి తీసిన కాయలని చిన్నమ్మకు తెలుసు. ఆ మూటలు నింపింది ఆమే కదా.

చిన్నపిల్లనైనా నాకు దాని బరువు తెలుసు. ముందు రెండేళ్లు అదనులో వానలు లేవు. జత ఎద్దుల్లో ఒకదాన్ని అమ్ముకున్నాం. ఈ ఏడు కూడా పంట పోతే చిన్నాయన, చిన్నమ్మ బెంగళూరికి మట్టిపనికి పోవాలని పెద్దవాళ్లు అనుకోవడం నేను విన్నాను. చిన్నమ్మ లేని ఇల్లు ఎట్లా ఉంటుందో నేను ఊహించుకోలేకపోయాను. అందుకే ఆమె నన్ను దగ్గరికి తీసుకుని, "మూడు మూటలు మొలవవని మీ తాతకు చెప్పు, మాడి మాటగా చెప్పు" అన్నప్పుడు పరుగెత్తుకుంటూ పోయాను.

మాడి మాట అంటే పక్కనెవరూ లేనప్పుడు చెప్పే మాట. నాకు అంత ఓపిక ఎక్కడిది? అరుగు మీద తాతతో పాటు ఊరి పెద్దలు ముగ్గురు కూర్చుని ఉన్నారు, మాటలు విత్తనం గురించే. నేను పోయి, "తాతా, మన ఇత్తనాలు..." అన్నాను. నలుగురూ నా వైపు తిరిగారు. తాత కనుబొమలు ముడిపడ్డాయి. "మన ఇత్తనాలకేమే?" అన్నాడు. "బాగుండాయంట తాతా" అన్నాను. పెద్దలు పకపకా నవ్వారు. తాత మీసం సవరించుకున్నాడు. లోపలికి వస్తే చిన్నమ్మ ఏమన్నాడని అడిగింది. సరే అన్నాడని చెప్పాను.

అబద్ధం చెప్పినదానికి అన్నం సహించదంటారు. నాకు బాగానే సహించింది. రెండు రోజుల్లో మరిచిపోయాను కూడా. చిన్నమ్మ మాత్రం వేరే విత్తనం కోసం మామ ఎప్పుడు బయల్దేరుతాడా అని వాకిలి వైపు చూస్తూనే ఉంది.

తర్వాత వాన పడింది. ఒక సాయంత్రమంతా కురిసింది. నేల పదునుగా ఉన్న రెండు మూడు రోజుల్లోనే విత్తుకోవాలి, తర్వాత తడి ఆరిపోతుంది. తెల్లవారగానే నాయన, చిన్నాయన విత్తనం వేసే గొర్రు దించి పసుపు పూశారు. ఇంట్లో ఉన్న ఎద్దుకు జతగా పక్కింటి ఎద్దును తెచ్చి కట్టారు. తాత తలపాగా చుట్టి, టెంకాయ కొట్టి, మూటలు బండిలో పెట్టమన్నాడు. ఐదు మూటలూ.

చిన్నమ్మ తలుపు వెనక నుంచి చూసింది. నా భుజం పట్టుకుని లోపలికి లాగి, "మీ తాతకు చెప్పినావా?" అంది. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే జరిగిందంతా చెప్పాను. కొడుతుందనుకున్నాను. ఆమె నా ముఖం కొంగుతో తుడిచింది.

"ఏడ్సొద్దు. నీ తప్పు గాదు. నా మాట నేను చెప్పుకోకుండా నీ నెత్తిన పెడ్తి."

కుండల దగ్గరికి పోయి రెండు పేలికలు తీసుకొచ్చింది. ఆమె ప్రతి నాలుగు రోజులకూ కొత్త గింజలతో మళ్లీ చూస్తూనే ఉందని నాకు అప్పుడే తెలిసింది. కొంగు తలమీదికి లాక్కుంది. ఒక్క క్షణం గడప దగ్గర ఆగింది. విత్తే పొద్దున మొలవదు అనే మాట నోట్లోంచి రావడమే అపశకునం. అది కోడలి నోట్లోంచి, మామ ముఖం మీద, ఊరి బండ్లన్నీ పోతున్న దారిలో వస్తే ఏమవుతుందో ఆమెకు తెలియక కాదు. ఆ తర్వాత గడప దాటి, అరుగు దిగి, బండి ముందు నిలబడింది.

"మామా, ఆ మూడు మూటలు ఎయ్యొద్దు. మొలవవు. నేను సూసినా."

మా అవ్వ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. చిన్నాయన ముఖం పాలిపోయింది. తాత ఆమె వైపు చూడలేదు, ఆమె చాచిన చేతుల వైపు చూశాడు. ఒక పేలిక తీసుకుని విప్పాడు. తెల్లటి మొలకలు. రెండోది విప్పాడు. కుళ్లిన గింజల వాసన నా దాకా వచ్చింది. ఊరందరికీ విత్తనం గురించి చెప్పే మనిషి ఆ గింజను వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు. కేకలు వేస్తాడని నేను బండిచక్రం వెనక దాక్కున్నాను.

"మొలిసినవి ఏ మూటవి మ్మా?" అన్నాడు.

నేను అలవాటు కొద్దీ ఇవతలికి వచ్చి, "ఏ మూటవి అంట" అని చిన్నమ్మకు చెప్పబోయాను. అప్పటికే ఆమె జవాబు చెప్పేసింది. ఆ పొద్దుతో నా ఉద్యోగం ఊడింది.

బాగున్న రెండు మూటలను ఎర్రనేలలో విత్తారు. మిగిలిన నేలకు అవ్వ కుండల్లో దాచిన సజ్జ, అలసంద, కంది తీశారు. చాలనివి చిన్నమ్మ ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ల దగ్గర అడిగి తెచ్చింది. వానలు ఆ ఏడు ఒక మోస్తరుగా పడ్డాయి. మేము కలవారం కాలేదు గానీ ఎవరూ బెంగళూరు పోలేదు. మొలవని విత్తనాన్ని నమ్ముకుని ఉంటే ఏమయ్యేవాళ్లమో తాతే అరుగు మీద అందరికీ చెప్పేవాడు, తన తప్పు కూడా కలిపి. మరుసటి ఏడు ఆయనే పిడికెడు గింజలు తెచ్చి, "సూడు మ్మా" అని ఆమె చేతిలో పోశాడు. ఊరి ఆడవాళ్లు కూడా కొంగున గింజలు కట్టుకుని వచ్చేవాళ్లు. మా కుండల కింద ఇసుక చాలేది కాదు. అవ్వకు మాత్రం కోపం పోలేదు. మామకు ఎదురు నిలిచిందని ఒక నెల పాటు కోడలితో నా ద్వారానే మాట్లాడింది. అట్లా నాకు ఇంకో ఉద్యోగం దొరికింది.

వంక పక్కన ఒక చిన్న నేల ముక్క, తుంట అంటాం, ఉండేది. దాన్ని తాత చిన్నమ్మకు వదిలేశాడు. ఎక్కడైనా కొత్త రకం గింజ దొరికితే ఆమె ముందు అందులో ఒక సాలు వేసి చూసేది. ఊళ్లో అందరూ దాన్ని చిన్నకోడలి తుంట అనేవాళ్లు. పెళ్లయి హొసకోటకు వచ్చాక కూడా నేను పుట్టింటికి పోతే ముందు అక్కడికే పోయేదాన్ని. ఆమె సాలు పక్కన కూర్చుని ఉండేది. నన్ను చూడగానే ఆమె ముఖంలో వచ్చే సంతోషం నాకు ఇంకెవరి ముఖంలోనూ దొరకలేదు. ఆ తర్వాత ఆమె పోయింది. తుంట మిగిలింది.

తర్వాత మా ఊరికి సోలారు కంపెనీ వచ్చింది. ఆ ఎండాకాలం మా అమ్మ కన్న తమ్ముడే ఇప్పుడు ఆ ఇంటి పెద్ద. వాన వచ్చినా రాకపోయినా ఏటా బాడుగ వస్తుందని నేలంతా ఇచ్చేశాడు. నేను దాన్ని తప్పు పట్టను. ఆకలి ఎట్లా ఉంటుందో తెలిసినదాన్ని. కానీ ఆ తుంట ఒక్కటి వదిలిపెట్టమని అడగాలని నాకు ఎంతో ఉండింది. పుట్టింటి నేల గురించి ఇచ్చిన ఆడబిడ్డకు నోరెక్కడిది అనుకున్నాను. పండక్కు పోయినప్పుడు అడుగుదామనుకున్నాను. పోయాను, తిన్నాను, వచ్చాను. అడగలేదు.

నేలంతా సోలారు అద్దాలు పరిచిన ఏడాది తర్వాత ఒక రోజు తమ్ముడి దగ్గర ఆ మాట నోరుజారింది. వాడు తింటున్న ముద్ద కింద పెట్టేశాడు.

"ఒక్క మాట చెప్పింటే ఆ తుంట ఇడిసిపెట్టేవాణ్ణి గదక్కా. నాకేం తెలుసు?"

ఆ రోజు ఇంటికి వచ్చి చాలాసేపు ఏడ్చాను. ఇరవై ఏళ్లయినా నిండని కోడలు నాలుగడుగులు నడిచి చెప్పగలిగిన మాటను, మనవలున్న నేను, నా సొంత తమ్ముడికి చెప్పుకోలేకపోయాను. అందరికంటే దగ్గరగా నిలబడి చూసిందాన్ని నేనే. చూసినంత మాత్రాన నేర్చుకున్నట్టు కాదని ఆ రోజు తెలిసింది.

అప్పటి నుంచి ఎవరికి చెప్పాల్సింది వాళ్లకు నేనే పోయి చెప్తున్నాను. కొడుకుతో, కోడలితో, పంచాయితీలో కూడా. ఈ ముసలామెకు నోరెక్కువైంది అంటున్నారు. అన్నప్పుడల్లా నవ్వొస్తుంది, వెంటనే చిన్నమ్మ కావాలనిపిస్తుంది. ఆమె ఉంటే తుంట పోగొట్టినందుకు నన్ను ఒక్క మాట కూడా అనేది కాదు, కొంగుతో ముఖం తుడిచేది.